శిలాయుధము – సమాధి – ప్రతిష్ఠ: నూజివీటి సీమ దృష్టితో ఒక పరిశీలనము

1. ఉపోద్ఘాతము

నూజివీడు పేరు చెప్పగనే తెలుగువారికి తొలుత తలపునకు వచ్చునది మామిడిపండు. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరు మున్నగు రకములు పండు ఈ తోటల సీమ 2022వ సంవత్సరము వరకు కృష్ణా జిల్లాలో నుండి, అప్పటినుండి ఏలూరు జిల్లాలో చేరినది. పశ్చిమమున మైలవరము, కొండపల్లి కొండలు, ఆగ్నేయమున కొల్లేటి పల్లము, నడుమ ఎఱ్ఱనేలల మెరక, పరిసరములను తడుపుచు కొల్లేటికి దిగు బుడమేరు, తమ్మిలేరు – ఇది దీని స్వరూపము. ఈ సీమ చరిత్రను వ్రాయువారు సాధారణముగా గుంటుపల్లి గుహలనుండియో, వేంగీ రాజ్యమునుండియో, కాదేని నూజివీటి సంస్థానమునుండియో ఆరంభింతురు. లిపి లేని కాలమును రెండు మూడు వాక్యములలో దాటివేయుట పరిపాటి. ఆ దాటివేతలో ఒక మాట మాత్రము తఱచుగా వినవచ్చును: ఆదిమానవులు రాతి ఆయుధములతో బ్రతికిరనియు, తమ నాయకులను ఆ ఆయుధములతోనే పాతిపెట్టిరనియు. ఇందు మొదటి భాగమును కాదనువారు లేరు. రెండవ భాగమునకు ఆధారమెంత యన్నదే ఈ వ్యాసమున మేము విచారింపబూనిన విషయము.

రాతి గొడ్డలి యొకటి చేతికి వచ్చినపుడు దానిని మూడు విధముల చూడవచ్చును. అది చెట్టు నఱకిన పనిముట్టు కావచ్చును. మనిషిని గాని మృగమును గాని కొట్టిన ఆయుధము కావచ్చును. పట్టినవాని హోదాను పదిమందికి చాటిన చిహ్నము కావచ్చును. ఒకే వస్తువు తన జీవితకాలములో ఈ మూడు దశలను గడచుటయు అసంభవము కాదు. మన యిండ్లలో తాతలనాటి కత్తి యొకప్పుడు పోరునకు, పిదప పొలమునకు, ఇప్పుడు విజయదశమినాటి పూజకు వచ్చుట లేదా? కావున రాతిని మాత్రము చూచి ఇది రాజచిహ్నమనుట సాహసము. ఏ సాక్ష్యములున్నచో అట్లు చెప్పవచ్చును, మన దేశమున ఆ సాక్ష్యములు ఏ మేరకు కలవు, అవి నశింపకుండ చేయదగినదేమి యను మూడు ప్రశ్నలను క్రమముగా పరిశీలింతము.

2. పరిశోధన పూర్వరంగము

భారతదేశమున శిలాయుగ పరిశోధనకు పునాది పడినది 1863వ సంవత్సరము మే నెలలో. భూతత్త్వశాఖలో ఉద్యోగియైన రాబర్టు బ్రూస్ ఫుట్ మదరాసు చెంత పల్లావరమున ఒక ప్రాచీన శిలాయుధమును గుర్తించెను. ఆ యేటనే అతడును, అతని సహోద్యోగి విలియం కింగ్‌యును అత్తిరంపాక్కమున చేగొడ్డళ్ళను కనుగొనిరి. ఈ కింగ్ దొరకు మా సీమతో వేఱొక సంబంధము కలదు. నూజివీటి చేరువనున్న గొల్లపల్లి పేరు భూతత్త్వ శాస్త్రమున నిలిచినది. అచటి ఇసుకరాతి పొరలకు గొల్లపల్లి ఇసుకరాళ్ళని పేరిడి వర్ణించినవాడు అతడే. అత్తిరంపాక్కమున చేగొడ్డళ్ళను చూచిన కన్నులే తరువాత ఈ నేలను పరికించినవి.

ఫుట్ తన జీవితమంతయు కూర్చిన సేకరణను 1904లో మదరాసు మ్యూజియము కొనినది. దాని పట్టిక 1914లోను, దానిపై వివరణలు 1916లోను, అనగా అతడు 1912లో గతించిన పిదప, వెలువడినవి. అతని వెనుక కామియేడు, బర్కిట్ పండితులు ఆగ్నేయ భారతపు శిలాయుగములను గూర్చి 1930లో వ్రాసిరి. 1947లో మార్టిమర్ వీలర్ బ్రహ్మగిరిని త్రవ్వి, క్రింద రాతి గొడ్డళ్ళ సంస్కృతి, దానిపై బృహచ్ఛిలా సమాధుల సంస్కృతి, ఆపైన ఆంధ్ర సంస్కృతి యను క్రమమును నిలబెట్టెను. అతడు రాతి గొడ్డళ్ళకు నిర్ణయించిన కాలము మిక్కిలి అర్వాచీనము. 1957లో ఆల్చిన్ పాలమూరు సీమలోని ఉత్నూరున బూడిద దిబ్బను త్రవ్విన తరువాత, రేడియో కార్బను పరీక్షలు ఆ కాలమును క్రీ. పూ. మూడవ సహస్రాబ్ది వఱకు వెనుకకు త్రోసినవి. 1954–60 సంవత్సరముల నడుమ నాగార్జునకొండ లోయలో జరిగిన త్రవ్వకములు నవీన శిలాయుగపు గుంట యిండ్లను, శ్మశానమును, బృహచ్ఛిలా సమాధులను ఒకే లోయలో చూపినవి. నేడు ఆ లోయ జలాశయగర్భమున నున్నది.

మా సీమకు మిక్కిలి దగ్గరి త్రవ్వకము గన్నవరము చేరువనున్న కేసరపల్లిలో 1962లో జరిగినది. హెచ్. సర్కార్ దాని వివరములను 1966లో ప్రకటించెను. అందు తామ్రశిలాయుగపు నివాసము, దాని తరువాత నలుపు ఎఱుపు కుండల కాలము, ఆ పిదప చారిత్రకయుగారంభము వరుసగా కానవచ్చినవి. నూజివీటి మామిడితోటలకు దక్షిణపు పొలిమేరయందే శిలాయుగాంతమునుండి చరిత్రయుగము వఱకు మానవుడు నివసించెననుటకు ఇది తిరుగులేని సాక్ష్యము. ఉత్తరమున గోదావరి లోయలో జానంపేట మున్నగు చోట్ల పెద్ద బండలతో కట్టిన సమాధులును, మనుష్యాకృతి గల నిలువురాళ్ళును కలవు. వీనిని జనులు రాక్షసగుళ్ళందురు. ఈ రెంటి నడుమ నున్న మా సీమ శూన్యముగా నుండెననుట పొసగదు. వెదకువారు తక్కువైరనుటయే న్యాయము.

3. ఇతర దేశముల సాక్ష్యము

రాతి ఆయుధము హోదాకు గుర్తుగా సమాధి చేరినదని నిస్సంశయముగా చెప్పదగిన స్థలములు లోకమున లేకపోలేదు. వానిలో కొన్నింటిని చూచినచో, మన సాక్ష్యమును తూచుటకు తూనికరాళ్ళు లభించును.

ఫ్రాన్సుదేశమున బ్రిటనీ తీరమందలి మానే ఎర్ హ్రోయెక్ అను సమాధి దిబ్బను 1863లో, అనగా ఫుట్ పల్లావరమున తన మొదటి రాయిని గుర్తించిన సంవత్సరమే, త్రవ్విరి. అందు నూఱుకు పైగా నునుపు గొడ్డళ్ళు బయల్పడినవి. కొన్ని పచ్చని జేడు జాతి రాళ్ళతో చేసినవి. వీని అంచులు పని యెఱుగనివి. కొన్ని అద్దమువలె పలుచన, దెబ్బకు నిలువవు. ఈ జాతి రాళ్ళ గనులు ఆల్ప్స్ పర్వతములలో మోంటే వీసో శిఖరప్రాంతమున, సముద్రమట్టమునకు రెండువేల మీటర్లకు పైన కలవని పియేర్ పెత్రెక్యాఁ బృందము 2003లో నిర్ధారించినది. వందలకొలది క్రోసులు నడచివచ్చిన రాయి, పనికిరానంత పలుచని రూపము, మట్టిదిబ్బ క్రింద నిక్షేపము – ఈ మూడును కలిసి అది పనిముట్టు కాదని చాటుచున్నవి. అచటి ఆమ్లపు నేలలో అస్థులు మాత్రము మిగులలేదు.

బల్గేరియాలో 1972లో బయల్పడిన వర్నా శ్మశానము సుమారు క్రీ. పూ. 4500 నాటిది. అందు 43వ సమాధిలోని పురుషుని వద్ద, బంగారు తొడుగు గల కామకు అమర్చిన రాతి గొడ్డలి యుండెను. గొడ్డలి రాతిదే, కామ బంగారముది! గొడ్డలి ఇచట రాజదండమైనది. చీనాదేశమున ఫాన్‌షాన్ శ్మశానమందలి 12వ సమాధిలో 1986లో లభించిన జేడు గొడ్డలిపై దేవతామూర్తి చెక్కబడియున్నది. చీనీ లిపిలో రాజును సూచించు అక్షరము గొడ్డలి రూపమునుండి పుట్టినదని పెక్కురు పండితుల మతము. మన ఉపఖండమున బెలూచిస్థానపు మెహర్‌గఢ్‌లో క్రీ. పూ. 7000 ప్రాంతమునుండి ఆరంభమైన నివాసమున, నవీన శిలాయుగపు సమాధులలో కొందఱి వద్దనే నునుపు రాతి గొడ్డళ్ళు, చెకుముకి మూలశిలలు, సన్నని రాతి పెచ్చులు ఉంచబడినవి. ఇవి బంగారు కామలు కావు, ఒక పనివాని సామగ్రి. ఇచట మృతునికి తోడు వెళ్ళినది అధికారము కాదు, నేర్పు. ఈ భేదమును మనము మఱువరాదు.

గంగామైదానమున సరాయ్ నహర్ రాయ్‌లో జి. ఆర్. శర్మ త్రవ్వించిన సమాధులయందు సూక్ష్మ శిలాయుధములు అస్థిపంజరములతో కూడ దొరకినవి. కొన్ని ఎముకలలోనే గ్రుచ్చుకొని యుండెను. అట్టివి మృతునికి ఇచ్చిన కానుకలు కావు. మృతిని తెచ్చిన బాణములు. సమాధిలో దొరకిన ప్రతి ఆయుధమును సమాధిసామగ్రిగా లెక్కించుట ఎంత పొరపాటో దీనివలన తెలియును.

అధికారచిహ్న వాదమును అత్యంత ప్రాచీన కాలమునకు ప్రాకించినవారును కలరు. ప్రాచీన శిలాయుగపు చేగొడ్డళ్ళలో సౌష్ఠవము అవసరమును మించి యున్నదనియు, అది వరించు స్త్రీలను ఆకర్షించుటకు పురుషులు చూపిన నేర్పనియు కోన్, మిథెన్ అనువారు 1999లో వాదించిరి. వాదము చమత్కారమైనదే. కాని కోట్లకొలది చేగొడ్డళ్ళు పనిచేసి అరిగి, పారవేయబడిన స్థితిలో వాగుల గట్లపై నున్నవి. సమాధి లేనిచోట, ఉంచినవాడు తెలియనిచోట, ఉంచిన ఉద్దేశమును నిరూపించుట సాధ్యము కాదు. కావున ఈ వాదమును మేము ఊహయని మాత్రమే గ్రహింతుము.

4. మూడు ప్రమాణములు

పై ఉదాహరణములనుండి మూడు ప్రమాణములను రాబట్టవచ్చును. మొదటిది జన్మస్థానము: రాయి స్థానికమా, దూరమునుండి తేబడినదా? రెండవది అంచు: అది అరిగినదా, పదును పెట్టి మరల పదును పెట్టబడినదా, లేక పని ఎఱుగనిదా? మూడవది స్థానము: అది శరీరమునకు ఏ ప్రక్క, ఏ లోతున, వేనితో కూడి యుండెను, తక్కిన సమాధులలో అట్టివి కలవా లేవా? మూడవ ప్రమాణమే అన్నింటికంటె బలవత్తరము. హోదా యనగా భేదము. పది సమాధులలో పదింటను గొడ్డలి యున్నచో అది ఆచారము. పదింటిలో ఒకదానియందే యున్నచో అది విశేషము. ఒంటరిగా నేలనుండి తీసిన రాయి మొదటి రెండు ప్రశ్నలకు కొంత ఉత్తరమీయగలదు. మూడవదానికి నోరు విప్పదు.

ఇందుకు అనుబంధముగా ఒక హెచ్చరిక. ఆయుధమున్నది గనుక మృతుడు పురుషుడనియు, పురుషుడు గనుక అది ఆయుధమనియు చెప్పుట చక్రకదోషము. పెరూదేశపు పర్వతములలో విలమాయా పజ్షా అనుచోట 2018లో త్రవ్విన ఒక సమాధి సుమారు తొమ్మిదివేల యేండ్ల నాటిది. అందు రాతి ఈటెమొనలతోను, చర్మము గీకు పనిముట్లతోను పాతిపెట్టబడినది యువతి యని 2020లో ప్రకటితమైనది. స్వీడనులోని బిర్కా పట్టణమున 1878లో త్రవ్విన ప్రసిద్ధ యోధుని సమాధి స్త్రీదని 2017లో జన్యుపరీక్ష వలన తేలినది. నూటనలువది సంవత్సరములు ఖడ్గము అస్థులకంటె గట్టిగా మాటలాడెను! మన దేశపు సమాధులలో అస్థులు శిథిలములై యుండుట సాధారణము. కావున మనము మఱింత జాగరూకులమై యుండవలెను.

5. దక్షిణాపథ నవీన శిలాయుగము

ఇక మన దేశమునకు వత్తము. దక్షిణాపథమున నవీన శిలాయుగము సుమారు క్రీ. పూ. 3000 నుండి 1200 వఱకు సాగినది. వీరు పశుపాలకులు. ఉత్నూరున ఆల్చిన్ కొయ్య గుంజలతో కట్టిన పశువుల దొడ్లను, వానిలో గిట్టల ముద్రలను కనుగొనెను. పేడ ప్రోగులు మరల మరల కాల్పబడి బూడిద దిబ్బలైనవి. వీరి గొడ్డలి సాధారణముగా నల్లని డోలరైటు రాతిది. త్రికోణాకారము, కొనదేలిన పిడివైపు, నునుపు చేసిన అంచు.

ఈ గొడ్డళ్ళ పుట్టిల్లు తెలుగునాటి సరిహద్దున, తెలుగు కన్నడములు కలసి వినవచ్చు బళ్ళారి చెంత నున్నది. సంగనకల్లు–కుప్గల్లు కొండలలో హిరేగుడ్డపై డోలరైటు రాతిగోడ యొకటి కొండను చీల్చుకొని పోవుచున్నది. ఇచటి గొడ్డళ్ళ కర్మాగారమును ఫుట్ ఏనాడో గుర్తించెను. ఈ శతాబ్దమున రవి కొరిసెట్టర్, నికోల్ బ్వావెఁ, ఆడం బ్రమ్ మున్నగువారు దానిని మరల పరిశోధించి, సుమారు క్రీ. పూ. 1400–1200 నడుమ అచట గొడ్డళ్ళ తయారీ ఊరి అవసరములకు మించి సాగెనని చూపిరి. తుంచిన పెచ్చుల రాసులు, సగము చేసి విడిచిన గొడ్డళ్ళు, నూఱుటవలన పడిన గాడులు గల నల్లసానపు బండలు అచట కానవచ్చుచున్నవి.

ఇచట మిక్కిలి ఆసక్తికరమైన విషయము వేఱొకటి కలదు. ఆ డోలరైటు బండలలో కొన్నింటిని రాతితో కొట్టినచో గంటవలె మ్రోగును. మ్రోగు తావులయందు కొట్టి కొట్టి గుంటలు పడినవి. వాని చుట్టును మూపురము గల ఎద్దుల బొమ్మలు తొలువబడియున్నవి. కొన్ని రాతిముక్కలపై గీతలు చెక్కబడియుండుటయు గమనింపబడినది. అనగా గొడ్డలినిచ్చిన రాయియే నాదమును, చిత్రమును కూడ ఇచ్చినది. ఆ రాతియందు ఆ జనులకు ఒక గౌరవభావముండెనని తలచుటకు ఇది బలమైన ఆధారము.

అట్లయిన ఆ గౌరవము సమాధిలో కానవచ్చుచున్నదా? ఇచటనే చిక్కు కలదు. నవీన శిలాయుగ జనులు పెద్దలను ఇండ్ల సమీపమున గుంటలలో చాచి పరుండబెట్టిరి. శిశువులను కుండలలో నుంచి పాతిరి. బ్రహ్మగిరి, తెక్కలకోట, నాగార్జునకొండ మున్నగు చోట్ల ఇదియే రీతి. మృతులతో నుంచినవి ప్రధానముగా కుండలు. రాతి గొడ్డళ్ళు, పెచ్చులు కొన్నిచోట్ల కలవుగాని, వర్నాయందువలె ఒకనిని పదుగురినుండి వేఱుచేయు ఆయుధరాశి మనకు కానరాదు. గొడ్డళ్ళు వేలకొలదిగా చేసిన జాతి, వానిని మృతులతో పంపుటలో ఇంత పొదుపు చూపినది. కారణమేమి?

మా సమాధానమిది. ఆ సమాజమున సంపదకు కొలమానము రాయి కాదు, పశువు. బ్రతికియుండగా ఎవని మందలు పెద్దవో వాడే పెద్ద. ఆ పెద్దఱికము గుంటలో నుంచుటకు వీలుగానిది. అది బూడిద దిబ్బలయందు, బండలపై తొలిచిన ఎద్దుల బొమ్మలయందు కానవచ్చుచున్నది. గొడ్డలి గౌరవము వ్యక్తికి చెందక, కొండకును, దానిని చేయు జనసమూహమునకును చెందియుండును. కావున నవీన శిలాయుగమునకు గొడ్డలి పట్టిన నాయకుని కల్పించుట పాశ్చాత్య దేశముల నమూనాను మనకు తగిలించుటయే అగును.

ఇట్టి మఱియొక వస్తువు నడుమ రంధ్రము గల గుండ్రని రాయి. దీనిని కొందఱు గద యనిరి. ఐగుప్తదేశపు తొలిరాజులకు గద రాజచిహ్నము గనుక ఈ పేరు ఆకర్షకమైనది. కాని దుంపలు త్రవ్వు కఱ్ఱకు బరువుగా దీనిని తొడిగి యుందురనుట అంతకంటె సహజము. నల్లమల చెంచులు నేల త్రవ్వు కఱ్ఱతో దుంపలు సేకరించుటను ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో ప్రకటించిన తన గ్రంథమున వివరించెను. ఒకే రాయి ఒకరి వ్రాతలో రాజదండము, వేఱొకరి వ్రాతలో దుంపలు త్రవ్వు స్త్రీ పనిముట్టు! అంచును, అరుగుదలను పరీక్షింపకయే పేరు పెట్టుటలోని అపాయము ఇదియే.

6. ఇనుము వచ్చిన పిదప

క్రీ. పూ. 1200 తరువాత పరిస్థితి మాఱినది. ఇనుము, నలుపు ఎఱుపు కుండలు, పెద్ద బండల సమాధులు కలిసి వచ్చినవి. ఈ సమాధులలో ఇనుప ఖడ్గములు, ఈటెలు, బాకులు, గొడ్డళ్ళు ఉంచబడినవి. అవి అన్ని సమాధులలోను సమానముగా లేవు. ఒకదానిలో కుండలే యుండ, ప్రక్కదానిలో మనిషి యెత్తు ఈటెయుండుట కలదు. మూడవ ప్రమాణము కోరిన భేదము ఇచట లభించుచున్నది. అంతేకాక సమాధియే ఒక సాక్ష్యము. టన్నులకొలది బరువు గల కప్పుబండను ఈడ్చి నిలుపుటకు పదులకొలది మనుష్యుల శ్రమ కావలెను. ఆ శ్రమను పిలువగలిగినవాడు సామాన్యుడు కాడు.

ఇట్లు చూడగా మన దేశమున ఆయుధము సమాధిసామగ్రిగా, హోదాచిహ్నముగా స్థిరపడినది శిలాయుగమున గాక, లోహయుగమున. ఈ నిర్ణయమున ఒక ఆక్షేపమునకు తావు కలదు: బ్రహ్మగిరియందువలె రాతి గొడ్డళ్ళు బృహచ్ఛిలా సంస్కృతి తొలిపొరలలోను దొరకుచున్నవి గదా? నిజమే. ఇనుము వచ్చిన మఱునాడే రాయి మాయము కాలేదు. కాని అట్టి గొడ్డలి నివాసపు పొరలో దొరకినదా, సమాధిలో నుంచబడినదా, లేక సమాధి గుంటను పూడ్చిన పాత మట్టితో కూడ వచ్చి పడినదా యను భేదమును చూపిననేగాని వాదము నిలువదు. మట్టితో వచ్చిన రాయిని కానుకగా లెక్కించిన, సరాయ్ నహర్ రాయ్‌లోని బాణమును కానుక యనినట్లే యగును.

7. గుడి చేరిన గొడ్డలి

రాతి గొడ్డలికి హోదా వచ్చిన మఱియొక ఘట్టము కలదు. అది దానిని చేసినవారిని లోకము పూర్తిగా మఱచిన తరువాత వచ్చినది. దున్నునపుడు, వాన వెలిసిన పిదప, నేలపై తేలిన నునుపు రాయిని చూచి జనులు అది మనుష్యుడు చేసినదని తలంపక, పిడుగుతో పడినదని నమ్మిరి. మన పిడుగురాయి యను మాటకు సమానమైన మాటలు గ్రీకులనుండి ఉత్తర ఐరోపా జనుల వఱకు పెక్కు భాషలలో కలవు. ఇంటిలో నుంచిన పిడుగు పడదనియు నమ్మకము. సేలము జిల్లా షెవరాయి కొండలలో మలయాళి జనులు రాతి గొడ్డళ్ళను పిళ్ళైయారు గుళ్ళలో చేర్చి పూజించుటను ఫుట్ గుర్తించెను. ఉత్తరదేశమున 1861లో తమసా లోయలో లెమెజురియరు నునుపు గొడ్డళ్ళను కనుగొనిన తరువాత, అట్టివి రావిచెట్ల క్రింద మహాదేవుని రూపముగా ప్రతిష్ఠింపబడి యుండుట పలువురికి కంటబడినది.

దీనిని మూఢనమ్మకమని త్రోసివేయుట చరిత్రకారునికి తగదు. ఆయుధమునకును మృతునికిని గల బంధము మన సంప్రదాయమున లోతైనది. విరాటపర్వమున పాండవులు జమ్మిచెట్టుపై ఆయుధములను దాచి, శవమును వ్రేలాడదీసిరి. జనులు దరిచేరకుండుటకు ఆయుధములు శవముతో కూడి యుండవలసివచ్చినది. తిక్కన తెనిగించిన ఆ కథ తెలుగువారందఱెఱిగినదే. పల్నాటి కారెంపూడిలో నేటికిని కార్తికమాసమున జరుగు వీరుల యుత్సవమున పూజలందునవి ఆ వీరుల ఆయుధములు. శరీరము పోయిన పిదప వీరుడు ఆయుధమున నిలుచునన్న భావన ఇది. ఇది శిలాయుగమునుండి తెగక వచ్చినదని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పుటకు ఆధారము లేదు. కాని సమాధిలోని ఆయుధమును చదువునపుడు, దానిని మృతుని సొత్తుగా మాత్రమే గాక మృతుని ప్రతినిధిగాను చూడవలెనని ఈ ఆచారము బోధించుచున్నది. వర్నాలో శరీరము లేకయే సామగ్రి యంతయు నమర్చిన శూన్యసమాధులు కలవు. వస్తువే మనిషియైన చోటులవి.

8. మామిడి గుంటలు – కర్తవ్యము

పై విచారణమంతయు ఒక్క విషయముపై ఆధారపడినది: వస్తువు దొరకిన స్థితి. ఆ స్థితియే నేడు మిక్కిలి వేగముగా నశించుచున్నది. కంకరకొఱకు గుట్టలు, గ్రావెలుకొఱకు ఎఱ్ఱమెరకలు త్రవ్వబడుచున్నవి. ఒకమారు యంత్రము త్రవ్విన మెరకను మరల చదువుట ఎవరి తరము కాదు. నాగార్జునకొండలో నీరు రాకముందు ఆఱు సంవత్సరములు త్రవ్వకమునకు లభించినవి. గుట్టలకు అట్టి గడువు నిచ్చువారు లేరు.

చట్టములు లేకపోలేదు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన వెలగల నిక్షేపము దొరకినచో కలెక్టరుకు తెలుపవలెను. కాని రాతి గొడ్డలికి వెల కట్టువారెవ్వరు? 1972 నాటి పురావస్తువుల చట్టము నూఱేండ్లు మించిన శిల్పము, పనితనము గల వస్తువులను పురావస్తువులుగా గుర్తించినది. చట్టము వస్తువును కాపాడగలదు. అది పడియున్న లోతును, ప్రక్కనున్న కుండపెంకును కాపాడుట చూచినవాని బాధ్యత.

ఇచట నూజివీటి సీమకు ఒక అపూర్వమైన సౌకర్యము కలదు. మామిడి మొక్క నాటుటకు ఇంచుమించు మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గల గుంటను త్రవ్వుదురు. పాత పద్ధతిని మొక్కకు మొక్కకు పది మీటర్ల ఎడముంచినచో ఎకరమునకు 40 గుంటలు పడును. వేసవిలో త్రవ్వి, కొన్ని వారములు ఎండకు విడిచి, తొలకరికి ముందు ఎరువు కలిపిన మట్టితో పూడ్చుదురు. పురావస్తు శాస్త్రజ్ఞుడు ఎంతో వ్యయముతో గాని చేయజాలని పరీక్షాగర్తముల వరుస ఇది. రైతు తన ఖర్చుతో, సమానమైన ఎడముతో, ప్రతి వేసవిలోను దీనిని తెఱచి యుంచుచున్నాడు. ఆ కొన్ని వారములలో గుంట గోడలను చూచు కన్ను మాత్రము కొఱవడినది. బూడిద రంగు పొర, నలుపు ఎఱుపు పెంకు, కాలిన మన్ను, ఇసుకరాతి నేలలో పరాయిదైన నల్లరాయి – వీనిని గుర్తించుటకు పెద్ద పాండిత్యము అక్కఱలేదు.

కావున మా ప్రతిపాదనమిది. ఈ ప్రాంతపు కళాశాలల తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థులు, తోటల యజమానుల అనుమతితో, వేసవిలో క్రొత్త గుంటలను చూచి వ్రాసికొనవలెను. గ్రామము, సర్వే నంబరు, గుంట వరుస, లోతు, పొర రంగు, తోడి వస్తువులు – ఈ ఆఱు వివరములు చాలును. వస్తువును కడుగరాదు, అంచుపైనున్న జాడలు నీటితో పోవును. అస్థులు గాని, వరుసగా పేర్చిన బండలు గాని కనబడినచో చేతులు వెనుకకు తీసికొని పురావస్తు శాఖకు తెలుపవలెను. ఊరి దేవతల గద్దెలపై నున్న నునుపు రాళ్ళను కదల్పక, ఉన్నచోటనే కొలిచి చిత్రింపవలెను. అవి పూజలందు వస్తువులు. మ్యూజియమునకు తెచ్చుటవలన వాని రెండవ చరిత్ర నశించును.

9. ఉపసంహారము

ఇంతవఱకు చేసిన విచారణమున తేలిన అంశములివి. రాతి ఆయుధము తనంత తాను హోదాను చాటదు. జన్మస్థానము, అంచు, స్థానము అను మూడు సాక్షులు కలిసి చెప్పవలెను. దక్షిణాపథ నవీన శిలాయుగమున గొడ్డలికి గౌరవముండెను గాని, అది వ్యక్తి సమాధికంటె, రాయి పుట్టిన కొండయందు అధికముగా కానవచ్చుచున్నది. మృతుని వేఱుచేసి చూపు ఆయుధము ఇనుముతోను, పెద్దబండల సమాధులతోను ప్రాధాన్యము వహించినది. రాతి గొడ్డలి వేల యేండ్ల తరువాత పిడుగురాయిగా గుడి చేరి రెండవమారు ప్రతిష్ఠ పొందినది.

ఈ నిర్ణయములు బళ్ళారి, బ్రహ్మగిరి, నాగార్జునకొండల ఆధారముతో చేసినవి. కృష్ణా గోదావరుల నడిమి మెరకలు వీనిని బలపఱచునో, సవరించునో మెరకలే చెప్పవలెను. కేసరపల్లికి ఉత్తరమున ఒక్క సమాధియైనను చెదరకుండ చదువబడినచో, అందలి రాయి ఏ చేతి ప్రక్కన నున్నదో తెలిసినచో, పై వాక్యములలో కొన్ని మాఱవచ్చును. అట్టి మార్పును మేము హర్షముతో స్వీకరింతుము. వచ్చు వేసవిలో త్రవ్వు గుంటలను పూడ్చుటకు ముందు ఒకమారు చూచుట అందుకు మొదటి మెట్టు.